స్పర్జన్ గారి కాలినొప్పియు మనోవేదనయు

(ధ్యానమునకు: 1 రాజులు 19:1-8, సామెతలు 18:14, యోహాను 5:1-9)

ఛార్లెస్ హాడన్ స్పర్జన్ గారి పేరు మన తెలుగు సంఘములలో విననివారు అరుదు. ప్రసంగము చేయు సేవకులలో అనేకులు ఏదో ఒక దినమున ఆయన పుస్తకమునుండి ఒక తలంపును ఎరువు తెచ్చుకొనినవారే. అయితే ఆయనను గూర్చి చెప్పునప్పుడు ఆయన కంఠస్వరమును, విన వచ్చిన వేలాది జనమును, కట్టించిన గొప్ప మందిరమును చెప్పి ఊరకుందుము. ఆయనను మాటిమాటికి మంచమెక్కించిన నొప్పిని గూర్చి ఒక వాక్యము చెప్పుదుము. ఆ నొప్పితో కలిసి ఆయన హృదయమును అణగద్రొక్కిన దిగులును గూర్చి దాదాపు ఏమియు చెప్పము. కొన్ని చిన్న జీవిత చరిత్రలైతే ఆ పుటలను బుద్ధిపూర్వకముగానే దాటివేయును; భక్తుని గౌరవమునకు భంగమని వారి భయము కాబోలు. మాకది సరిగా తోచదు. ఈ నెల ఆ పుటలనే మీ యెదుట తెరువగోరుచున్నాము.

స్పర్జన్ గారు 1834వ సంవత్సరము జూన్ 19వ తేదీన ఇంగ్లండు దేశమందు ఎసెక్సు సీమలోని కెల్వెడను గ్రామమున జన్మించిరి. తండ్రియు తాతయు దైవసేవకులే. చిన్ననాట కొన్నియేండ్లు తాతగారి యింటనే పెరిగిరి. పదునైదేండ్ల ప్రాయమున, 1850వ సంవత్సరము జనవరి నెలలో, మంచు కురియుచున్న ఒక ఆదివారమున, కాల్చెస్టరు పట్టణమందలి చిన్న ప్రార్థనాలయములోనికి వెళ్లిరి. అచ్చట అంతగా చదువురాని ఒక మనుష్యుడు యెషయా 45:22 ఆధారముగా చేసిన ప్రసంగమును విని రక్షణానందమును పొందిరి. పదునేడేండ్లకే వాటర్‌బీచి అను పల్లెలో బోధింపసాగిరి. పందొమ్మిదేండ్లకు, అనగా 1854వ సంవత్సరమున, లండను మహానగరములోని సంఘమువారు ఆయనను పిలిచిరి. వినువారికి మందిరము చాలక గోడలు పడగొట్టి పెంచిరి, అదియు చాలదాయెను. ఈ సంగతులు మీరెరిగినవే గనుక ఇక్కడ ఆగము.

1856వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీ ఆదివారము సాయంకాలము. సర్రే గార్డెన్స్ అను తోటలోని పెద్ద సంగీతశాలను ఆరాధన కొరకు అద్దెకు తీసికొనిరి. లోపల పదివేలమంది వరకు క్రిక్కిరిసియుండిరి; బయట నిలిచినవారు మరి వేలమంది. ప్రార్థన జరుగుచుండగా ఎవరో నిప్పంటుకొనెనని కేక వేసిరి. నిప్పు ఎక్కడను లేదు. కాని జనము మెట్లమీదికి విరుచుకొనిపడెను. ఏడుగురు నలిగి చనిపోయిరి. ఇరువది యెనిమిదిమంది గాయపడి ఆసుపత్రి పాలైరి. స్పర్జన్ గారి వయస్సు అప్పుడు ఇరువదిరెండేండ్లు. ఇంటిలో నెలదినముల కవల పిల్లలు. జరిగినది తెలిసినప్పుడు ఆయన స్పృహ తప్పినవానివలెనైరి. స్నేహితులు ఆయనను ఊరి వెలుపలి యొక యింటికి తీసికొనిపోయి దాచిరి. పత్రికలవారు తప్పంతయు ఆయనదేనని వ్రాసిరి. ఆయన ఏడ్చుచు, పగలు భయముతోను రాత్రి కలలతోను గడిపిరి. బైబిలును చూచినను కన్నీళ్లు వచ్చుచుండెనట. కొన్ని దినములకు ఆ యింటి తోటలో నడుచుచుండగా ఫిలిప్పీ 2:9 వచనము మనస్సునకు తగిలి తేరుకొనిరి. రెండు వారములకే తిరిగి ప్రసంగపీఠమెక్కిరి. అయితే ఆ గాయము పూర్తిగా మానలేదు. అటుతరువాత అనేక సంవత్సరములవరకు క్రిక్కిరిసిన జనమును చూచునప్పుడు ఆయనకు లోపల వణకు పుట్టుచుండెను.

మరుసటి యేట జరిగిన ఒక సంగతిని మన దేశస్థులు ప్రత్యేకముగా తెలిసికొనదగును. 1857వ సంవత్సరమున ఇండియాలో జరిగిన తిరుగుబాటు నిమిత్తము ఇంగ్లండులో ఉపవాసదినము ప్రకటించిరి. అక్టోబరు 7వ తేదీ బుధవారమున క్రిస్టల్ ప్యాలెసు అను గాజుభవనమందు స్పర్జన్ గారు బోధించిరి. ద్వారమునొద్ద లెక్కించిన జనసంఖ్య 23,654. ఆ దినములలో మైకులు లేవు. ఆ రాత్రి పండుకొనిన స్పర్జన్ గారు శుక్రవారము ఉదయమువరకు మేల్కొనలేదు. అప్పుడు ఆయనకు అలసటయే తెలియలేదట. శరీరము తన లెక్కను తాను వ్రాసికొనియుండెను. కర్మెలు కొండమీద జయమొందిన ఏలీయా అటుతరువాత బదరీవృక్షము క్రింద పడి నిద్రించిన విధము మాకిక్కడ జ్ఞాపకమునకు వచ్చుచున్నది.

1861వ సంవత్సరమున ఐదువేలమందికి పైగా కూర్చుండగల మెట్రోపాలిటన్ టాబర్నకిల్ అను మందిరము తెరువబడెను. సేవకులను తరిఫీదు చేయు కళాశాల నడుచుచుండెను. 1867వ సంవత్సరమున అనాథబాలుర ఆశ్రమమునకు పునాదిపడెను. ఇంతటి వర్ధిల్లుదల మధ్య, 1866వ సంవత్సరమున, స్పర్జన్ గారు తన ప్రసంగములో ఒక మాటను దాచక చెప్పిరి. తనకు భయంకరమైన మనోదుఃఖము వచ్చుచుండుననియు, తాను దిగిపోవునంత లోతునకు వినువారిలో ఎవరును దిగకూడదని తాను కోరుచున్నాననియు ఆ మాట సారాంశము. ఆ మందిరము కట్టించుటకంటె ఈ మాట చెప్పుటకే ఎక్కువ ధైర్యము కావలసియుండెనని మా అభిప్రాయము.

ఇక శరీరపు నొప్పి వచ్చినది. 1869వ సంవత్సరమున, ముప్పది యైదవ యేట, ఆయనకు గౌటు అను కీళ్లవాతము మొదలాయెను. రక్తములో యూరిక్ ఆమ్లము హెచ్చి, కీళ్లలో సూదులవంటి పలుకులుగా పేరుకొనుటవలన ఈ వ్యాధి కలుగును. సాధారణముగా కాలి బొటనవ్రేలిలో నడిరాత్రి ఆరంభమగును. కీలు ఎఱ్ఱబారి, వాచి, నిప్పు పెట్టినట్లు మండును. దుప్పటి కొస తగిలినను రోగి తాళలేడు. లండనులోనే గ్యారడ్ అను వైద్యుడు 1848వ సంవత్సరమున ఈ రోగుల రక్తములో యూరిక్ ఆమ్లము హెచ్చుగా నుండుట చూపించెను. కారణము తెలిసినది గాని దానిని తగ్గించు మందు స్పర్జన్ గారి కాలమున లేదు. అల్లోప్యూరినాల్ అను మాత్ర 1960 తరువాతనే వైద్యుల చేతికి వచ్చెను. గనుక ఆయన దాడి వచ్చినప్పుడెల్ల పండుకొని సహించుటయే జరిగెను. కాళ్లతో ఆగక చేతులకును ప్రాకి, కొన్ని దినములు కలము పట్టుటకును వీలులేకపోయెను. తరువాత మూత్రపిండముల వ్యాధియు చేరెను. చివరి ఇరువది రెండేండ్లలో దాదాపు మూడవవంతు కాలము ఆయన వ్యాధిచేతనో విశ్రాంతి కొరకో ప్రసంగపీఠమునకు దూరముగా నుండిరని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు.

1871వ సంవత్సరమున అట్టి యొక దాడిలో నొప్పి భరింపరానిదాయెను. చుట్టునున్నవారిని గదినుండి వెలుపలికి పంపి, దేవుడు తండ్రియనియు తాను బిడ్డననియు, ఏ తండ్రియు తన బిడ్డ ఇట్లు బాధపడుట చూచి ఊరకుండడనియు ఆయనతో వాదించి ప్రార్థించిరి. ఆ పిమ్మట నొప్పి తగ్గి నిద్రపట్టెను. దీనిని మనము తరచుగా సాక్ష్యముగా చెప్పుకొందుము, మంచిదే. అయితే కొంతకాలమునకు నొప్పి తిరిగివచ్చెను. తరువాతి ఇరువది సంవత్సరములును వచ్చుచునే యుండెను. సాక్ష్యము చెప్పువారు ఈ రెండవ భాగమును విడిచిపెట్టుదురు. దానివలన మోకాళ్లనొప్పి తగ్గని విశ్వాసి తనలోనే ఏదో లోపమున్నదని తలంచి మరింత క్రుంగిపోవుచున్నాడు.

నొప్పికిని దిగులుకును గల సంబంధమును స్పర్జన్ గారు తన శరీరములోనే చదివిరి. కళాశాలలో శుక్రవారములందు విద్యార్థులకు చేసిన ఉపన్యాసములు 1875వ సంవత్సరమున మొదటి సంపుటముగా అచ్చాయెను. అందులో దైవసేవకులకు వచ్చు మనోమూర్ఛలను గూర్చి ఒక అధ్యాయమున్నది. శరీరవ్యాధి మనస్సును క్రుంగదీయును. మితిలేని చదువును కూర్చుండియే చేయు పనియు క్రుంగదీయును. గొప్ప జయము తరువాత క్రుంగుదల వచ్చును. ఒక పెద్ద దెబ్బవలన వచ్చును. ఏ కారణమును లేకుండ కూడ వచ్చును. అని ఆయన వైద్యునివలె వివరించిరి. గాలి తగులునట్లు నడువవలెననియు, సెలవు తీసికొనుట సోమరితనము కాదనియు బోధించిరి. ఇట్టి దిగులు పాపఫలమని గాని, అవిశ్వాసమని గాని ఆయన చెప్పలేదు. సామెతలు 18:14లో సొలొమోను రోగమునకును నలిగిన ఆత్మకును గల భేదమును చెప్పియున్నాడు గదా. శరీరము బాధపడునప్పుడు మనిషిని ఆదుకొనునది ఆత్మయే, ఆ ఆత్మయే నలిగినచో ఆదుకొనువారెవరు అని అక్కడి భావము. స్పర్జన్ గారు ఆ వచనముమీదను బోధించిరి. ఊహించి చెప్పినది కాదు.

ఇక్కడ ఒక విషయము మమ్మును ఆలోచింపజేయుచున్నది. వైద్యులు ఆయన పాదమును చూచిరి. సంఘస్థులు వేలకొలది ఆయన కాళ్ల కొరకు ప్రార్థించిరి. మనస్సు ఎట్లున్నదని క్రమముగా అడుగు పద్ధతి ఆ కాలపు వైద్యములో లేదు. ఆయన అడుగకయే చెప్పగల మనిషి, మాట ఆయన వశమందుండెను. మాట వశములో లేనివారి సంగతి యేమి? నాట్లు వేసి వేసి నడుము పోయిన మన తల్లి, తాటిచెట్టునుండి పడి కాలు ఈడ్చుచున్న మన అన్న, ప్రార్థన కూటములో లేచి నడుమునొప్పి కొరకును కాలినొప్పి కొరకును ప్రార్థించుడని అడుగుదురు. అంతకు మించి వారికి మాట రాదు. మేమును కాలి కొరకే ప్రార్థించి కూర్చుందుము.

దీర్ఘకాలపు నొప్పి గలవారిలో మనోక్రుంగుదల తక్కినవారిలోకంటె చాల ఎక్కువగా కనబడునని నేటి వైద్యులు కనుగొనిరి. నొప్పి దిగులును పెంచును, దిగులు నొప్పిని పెంచును. రెండును ఒకదానినొకటి మోయుచు తిరుగును. గుర్తించుటయే కష్టము. నిద్రపట్టక పోవుట, ఆకలి తప్పుట, నీరసము, ఇవి దిగులు గుర్తులే గాని నొప్పివలననే కూడ కలుగును. గనుక వాటిని మాత్రమే చూచి చెప్పలేము. అందుచేత వైద్యులు మొదట రెండు సంగతులు అడుగుదురు. గడచిన రెండు వారములలో, మునుపు ఇష్టముగా చేసిన పనులయందు ఆసక్తి గాని సంతోషము గాని లేకపోయిన దినములెన్ని? దిగులుగాను నిరాశగాను ఉన్న దినములెన్ని? ఒక్కొక్కదానికి లేదు అనినచో సున్న, కొన్ని దినములనినచో 1, సగముకంటె ఎక్కువ దినములనినచో 2, దాదాపు ప్రతిదినము అనినచో 3. రెండును కలిపి 3 గాని అంతకు మించి గాని వచ్చినచో మరి తొమ్మిది ప్రశ్నల పత్రముతో విచారించి, వైద్యుడు పరీక్షించును. ఆ లెక్కయే రోగనిర్ణయము కాదు. తలుపు తట్టుట మాత్రమే. మన గ్రామములలో ముప్పదియేండ్లు దాటినవారి యింటింటికి వచ్చి ఆశా కార్యకర్తలు నింపు పత్రములో ఈ రెండు ప్రశ్నలును చేర్చబడియున్నవి. ఆమె తొందరలో దాటిపోయినచో మనమే గుర్తుచేయవచ్చును.

పుస్తకపు భాషలో అడుగనక్కరలేదు. మనుమలు ఇంటికి వచ్చినను మునుపటి సంతోషము కలుగుటలేదా, పాట పాడుటకు మనస్సు రావుటలేదా, గేదెను చూచుకొనుటయందును విసుగు పుట్టుచున్నదా అని అడిగినచో పెద్దమ్మలకు తెలియును. కోడలి యెదుటను, కూటము మధ్యను అడుగరాదు. స్త్రీలను సంఘములోని పెద్దవయస్సు స్త్రీలే, ఒంటరిగా కూర్చుండి, నొప్పి సంగతి మొదట పూర్తిగా విని, ఆ తరువాత అడుగుట మేలు. నొప్పి వినకముందే మనస్సు సంగతి అడిగినచో, నా నొప్పి వట్టిదనుచున్నారని వారు నొచ్చుకొందురు. ఆ నొప్పి వట్టిది కాదు. స్పర్జన్ గారి బొటనవ్రేలిలోని పలుకులు వట్టివి కాలేదు గదా.

మరియొక ప్రశ్న యున్నది. దానిని అడుగుటకు మనము భయపడుదుము. బ్రదుకుటకంటె చనిపోవుట మేలనిపించుచున్నదా అనునదే. అడిగినందువలన ఆ తలంపు క్రొత్తగా పుట్టదని వైద్యులు రూఢిగా చెప్పుచున్నారు. అడిగినవారి యెదుట భారము దిగును. ఏలీయా ప్రాణము తీసికొమ్మని దేవునినే అడిగెను, లేఖనము దానిని దాచలేదు. దేవుడు ఆయనను గద్దించలేదు. నిద్రపోనిచ్చెను, దూతచేత అప్పమును నీళ్లను పెట్టించెను, మరల నిద్రపోనిచ్చెను, మరల పెట్టించెను. ఆ తరువాత హోరేబునొద్ద ఇక్కడ ఏమి చేయుచున్నావని రెండుమారులు అడిగి ఆయన చెప్పినదంతయు వినెను. బేతెస్ద కోనేటియొద్ద ముప్పది యెనిమిదేండ్ల రోగిని మన ప్రభువును మొదట ఒక ప్రశ్నయే అడిగెను. ఎవరైనను అవునని చెప్పినచో వారిని ఒంటరిగా విడువరాదు. ఇంటిలోని పురుగుమందు డబ్బాలను ఆ దినముననే తీసివేయవలెను. ఆసుపత్రికి వెంటబెట్టుకొని పోవలెను. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో టెలి మానస్ అను ప్రభుత్వ సేవవారు రేయింబగళ్లు ఉచితముగా తెలుగులో మాటలాడుదురు. అది 2022వ సంవత్సరము అక్టోబరులో ఆరంభమాయెను. దిగులుకు చికిత్స కలదు. మాటలతో చేయు చికిత్సయు, మాత్రలును గలవు. కొన్ని మాత్రలు నొప్పికిని దిగులుకును కలిపి పనిచేయును. అయితే నొప్పికి వాడుచున్న మందులను తనంతట తాను మానరాదు.

స్పర్జన్ గారి సంఘపెద్దలు ఈ విషయమున మంచి మాదిరి. ఆయన గదిలో పడియున్న నెలలలో వారు సణుగలేదు. చలికాలమున లండను మంచును పొగయు ఆయనకు పడవని చూచి, ఫ్రాన్సు దేశపు దక్షిణ సముద్రతీరమందలి మెంటోను పట్టణమునకు పంపుచుండిరి. అక్కడి ఎండలో నడిచి, పూవులు చూచి, వ్రాతపని చేసికొని తిరిగివచ్చుచుండిరి. విశ్రాంతికి డబ్బు వ్యర్థమాయెనని ఆ పెద్దలు లెక్క చెప్పలేదు.

ఇంటిలోను మరియొక రోగి యుండిరి. ఆయన భార్య సుసన్నా గారు 1868వ సంవత్సరము మొదలుకొని చాలకాలము ఇల్లు కదలలేని స్థితిలోనుండిరి. మత్తుమందు వాడుకను వ్యాపింపజేసిన ఎడిన్‌బరో వైద్యుడు సింప్సన్ గారే ఆమెకు శస్త్రచికిత్స చేసిరి. ఆమె 1875వ సంవత్సరమున, ఇంటినుండియే, పుస్తకములు కొనలేని బీద సేవకులకు పుస్తకములు పంపు నిధిని ఆరంభించిరి. పంచుకొనుటకు ఒక పని, వ్రాయుటకు ఉత్తరములు, ఎదురుచూచుటకు ఒక టపా. రోగికి ఇవి ఎంత బలమో ఆ తల్లి చరిత్ర చదివినవారికి తెలియును.

1887వ సంవత్సరమున సిద్ధాంత విషయమై వివాదము పుట్టి స్పర్జన్ గారు తన సహవాసులైన బాప్తిస్టు సమాఖ్యను విడిచిరి. మరుసటి సంవత్సరమారంభమున వారు ఆయనను తప్పుపట్టి తీర్మానము చేసిరి. ఆయన శిష్యులలో కొందరును అటువైపు నిలిచిరి. ఎవరి పక్షము న్యాయమని ఇక్కడ విచారింపబోము. అంతకుముందే నలిగిన శరీరముమీద ఆ భారము పడినది. అదే 1888వ సంవత్సరమున తల్లి మరణించిరి.

1891వ సంవత్సరము జూన్ 7వ తేదీన ఆయన తన మందిరములో చివరి ప్రసంగము చేసిరి. ఆ వేసవి అంతయు ప్రాణాపాయములోనుండిరి. అక్టోబరు నెలలో మెంటోనుకు బయలుదేరినప్పుడు సుసన్నా గారు వెంట వెళ్లగలిగిరి. అన్నియేండ్లు ఆయన ఉత్తరములలో చదివిన సముద్రమును, ఆలివు చెట్లను ఆమె మొదటిసారి కన్నులార చూచిరి. ఇద్దరును కలిసి మూడు నెలలు అక్కడ గడిపిరి. 1892వ సంవత్సరము జనవరి 31వ తేదీ ఆదివారము రాత్రి, ఏబది యేడేండ్ల ప్రాయమున, స్పర్జన్ గారు ప్రభువునందు నిద్రించిరి. దేహమును లండనుకు తెచ్చి ఫిబ్రవరి 11వ తేదీన నార్వుడు శ్మశానవాటికయందు సమాధిచేసిరి. సుసన్నా గారు ఇంటికి తిరిగివచ్చి పుస్తకములు పంపు పనిని మరల చేపట్టిరి. 1903వ సంవత్సరమున ఆమె మరణించునాటికి పంపిన పుస్తకములు దాదాపు రెండు లక్షలు.